ఒక్క బటన్ తెలిసిన పెద్దమ్మ

అడవుల మధ్యనున్న దోర్నపాల్ అనే ఊళ్లో నేను అద్దెకున్న ఇంటి పెద్దమ్మకు కంప్యూటర్‌లో తెలిసింది ఒక్క బటనే. నేను ఆ గదిలోంచే హైదరాబాద్ ఆఫీసు కంప్యూటర్ మీద పనిచేసేవాణ్ణి. కాసేపు ఏదీ నొక్కకపోతే అది నన్ను బయటికి నెట్టేసేది. ఆ దిక్కుమాలిన సిగ్నల్‌తో మళ్లీ లోపలికి వెళ్లేసరికి సగం పూట గడిచిపోయేది. అందుకని నేను స్నానానికో తిండికో లేస్తే పెద్దమ్మ వచ్చి నా కుర్చీలో కూర్చునేది. బాణం గుర్తున్న బటన్ నొక్కుతూ, నొక్కినప్పుడల్లా తెరతో "ఉన్నా బిడ్డా, ఉన్నా" అనేది.

ఒక మధ్యాహ్నం నేను తిని వచ్చేసరికి లైన్ ఎప్పుడో పోయింది. తెర బిగుసుకుపోయి ఉంది. ఆమె మాత్రం నొక్కుతూనే ఉంది.

"లైన్ పోయింది పెద్దమ్మా, ఇక లే" అన్నాను, కాస్త విసుగ్గానే.

"నాకెరుకే బిడ్డా. మిర్చి ఏర కూలికి దూరం పోయిన మా ముసలోని ఫోన్ గూడ గింతే. నడిమిట్ల గొంతు ఆగిపోతది. నేనైతే పెట్టెయ్య. మల్ల వచ్చేటాల్లకు ఇటుదిక్కు ఎవరన్న ఉండాలె గదా?"

"ఈమధ్య ఎప్పుడు చేశాడు?"

"పోయినేడు, మిర్చి ఏరేటప్పుడు" అని, తెరకేసి తిరిగి మళ్లీ బటన్ నొక్కింది.

"ఉన్నా" అంది. ఈసారి బిడ్డా అనలేదు.