కండక్టరు మోసిన మాట

ప్రొద్దుటూరు బస్టాండులో డీజిలు పొగా, ఉడికించిన వేరుశనగకాయల ఆవిరీ కలిసిన వాసన తగిలితే నా నాలుక ఇప్పటికీ దానంతటదే అదుపులోకి వస్తుంది. ఈ ఉదయమూ అంతే. మా ప్రాంతపు కక్షల మీద పులివెందుల సభలో చదవాల్సిన ఎనిమిది పేజీల ఉపన్యాసం ఒళ్లో పెట్టుకొని బస్సులో కూర్చున్నాను.

జమ్మలమడుగు దగ్గరి మా ఊళ్లో వేరుశనగ పీకే కాలమంటే వీధంతా పచ్చిమట్టి వాసన, అరుగుల మీద కాయలు తెంపే ఆడవాళ్ల గాజుల చప్పుడు, పొయ్యి మీద జొన్నరొట్టె కాలే కమ్మదనం, వాటి మధ్య మా అచ్చనగాయల ఆట. ఊరు రెండు పార్టీలుగా చీలి, ఈ వీధి పిల్లలు ఆ వీధి బావికి పోని రోజులవి. ఊరికి ఫోను లేదు. కబురు పంపాలంటే ప్రొద్దుటూరు బస్సు కండక్టరు మస్తానప్పే దిక్కు. కిటికీ దగ్గర నిలబడి చెబితే, ఆయన ప్రొద్దుటూరు బస్టాండు టీ అంగట్లో అప్పజెప్పేవాడు. టికెట్లు కొడుతూ గుర్తుపెట్టుకోవాలి కనుక మాట చిన్నదిగా ఉండాలి. ఎవరైనా సాగదీస్తే, "అంత కత నాతో పంపేదేంది తల్లీ, నువ్వే బస్సెక్కు, దారంతా ఇంటా!" అనేవాడు.

నాకు తొమ్మిదేళ్లు. బడిలో వక్తృత్వంలో మొదటి బహుమతి నాదే, నోటికి అడ్డూ అదుపూ లేదు. ఒక మధ్యాహ్నం మోటారుసైకిలు మీద వచ్చిన కొత్త మనిషి బొరుగుల ఉండ చేతిలో పెట్టి, "మీ నాయన యాడ పాపా?" అన్నాడు. మా నాన్న ఎన్నికల్లో ఒక పార్టీకి ఏజెంటుగా కూర్చున్నవాడు. ఆయన ఎరువులకు ప్రొద్దుటూరు పోయాడనీ, ఆరు గంటల బస్సుకు వస్తాడనీ, ఊరవతల మేం వంక అనే వాగు దగ్గర దిగి చేను చూసుకొని ఒక్కడే నడిచి వస్తాడనీ అడగనిదంతా చెప్పేశాను.

ఇంటికొచ్చి నాయనమ్మకు ఆ సంగతి గొప్పగా చెప్పాను. అవ్వ కొట్టలేదు. చేతిలో కాయలు వదిలేసి, బయల్దేరుతున్న బస్సుకు అడ్డంగా నిలబడింది. నేను వెనకే పరుగెత్తి, "ఒకాయన వచ్చినాడు, నేనేమో..." అనబోతే నా నోరు అరచేత్తో మూసింది. బస్సులో రెండు పార్టీల వాళ్లూ ఉన్నారు.

"మస్తానప్పా, మా వానితో చెప్పు. ఈ పొద్దు రావద్దు. అక్క ఇంట్లో ఉండు."

ఆయన అవ్వ మొహం చూసి, "సరే పెద్దమ్మా" అన్నాడు.

సాయంత్రం వంక దగ్గర బస్సు ఆగింది, నాన్న దిగలేదు. కొడవళ్లతో కాపు కాసిన నలుగురు వట్టి చేతులతో వెనుదిరిగారు. దేవుడు కాపాడాడని మా వీధి కొబ్బరికాయలు కొట్టింది. నేను ఒప్పుకోను. కాపాడింది మా అవ్వ మాట, మస్తానప్ప నోరు.

కాపు కాసిన సంగతి తెలిసి మర్నాడు పోలీసులు వచ్చి అడిగితే, చూసినవాళ్లంతా తాము ఏ చేలో ఏ పని మీద ఉన్నారో పొడుగ్గా చెప్పారు. పేరు మాత్రం ఒక్కటీ చెప్పలేదు. ఆ సాయంత్రం గడ్డిమోపుతో వంక దాటి వచ్చిన అవ్వ, "చూసినా. నలుగురు. పేర్లు రాసుకో సారూ" అంది. క్లుప్తత అంటే నోరు మూసుకోవడమని చెప్పే పెద్దమనుషులకు నా జవాబు ఆమే.

ఇప్పటి కండక్టరు చేతిలో టికెట్ల మిషనుంది. ఆయనకు కబురు అప్పజెప్పేవాళ్లు లేరు. కిటికీ దగ్గర నిలబడి, ఏది చెప్పాలో ఏది వద్దో తేల్చుకునే ఆ అరనిమిషమూ పోయింది. పక్కసీటాయన ఫోనులో, "వస్తాండా, ఈడే ఉండా" అని నాలుగోసారి చెబుతున్నాడు.

నేను పెన్ను తీశాను. మనుషుల పేర్లు రాయాల్సిన చోట 'పరిస్థితులు' అని రాసిన వాక్యాలన్నీ కొట్టేస్తూ పోయాను. పులివెందుల చేరేసరికి ఒక్క పేజీ మిగిలింది. అందులో అవ్వ చెప్పిన నాలుగు పేర్లున్నాయి.