జనానా గోడ చెప్పిన మాట

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. కర్నూలు వైపు ఒక పాత నవాబు మహలులో చాలా ఏళ్ళు గైడుగా పనిచేశాను. ఇప్పుడది మ్యూజియం. ఇక్కడ దయ్యాలు తిరుగుతాయా అని ఎవరడిగినా, గబ్బిలాలు తిరుగుతాయని చెప్పి పంపేదాన్ని.

కత్తులు, పల్లకీలు ఎన్ని ఉన్నా జనం వచ్చేది జనానా కోసమే. నవాబు ఇంటి ఆడవాళ్ళు ఉండిన గది అది. సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపి అద్దంలా నునుపు చేసిన గోడలు, పైన గుండ్రటి కప్పు. ఒక మూల గోడకు నోరు ఆనించి గుసగుసలాడితే, ఎదురు మూల చెవి ఆనించినవాళ్ళకు స్పష్టంగా వినపడుతుంది. నడుమ నిలబడినవాళ్ళకు ఏమీ తెలియదు. గోడలకు చెవులుంటాయంటారు, మా గోడకు నోరు కూడా ఉంది అని నేనంటే అందరూ నవ్వేవాళ్ళు.

అట్లాంటి చోట పనిచేస్తూ నాకు ఎడమ చెవి పోయింది. నరం చచ్చిపోయింది, ఇక రాదన్నాడు డాక్టరు. పైవాళ్ళకు తెలిస్తే గైడు పని ఊడుతుంది. మా ఆయన లేడు, నా జీతంతోనే ఇల్లు గడవాలి. అందుకని రేణుకకు ఒక్కదానికే చెప్పుకున్నాను.

రేణుక నాతో పనిచేసే పిల్ల. నందికొట్కూరు నుంచి వచ్చిన కొత్తలో నలుగురి ముందు నోరు పెగిలేది కాదు. మహలు చరిత్రంతా నేనే నేర్పాను, నా క్యారియరులో అన్నం పెట్టాను. "నీ ఎడమ పక్క నేనుంటాలే అక్కా" అనింది. ఉంది కూడా. అటునుంచి ఎవరైనా ఏదైనా అడిగితే నా భుజం తట్టేది.

ఒకసారి రేణుక ఇంటివాళ్ళతో శ్రీశైలం పోయింది. మధ్యాహ్నం, సందర్శకులు లేరు. జనానాలో ఒక మూల గోడకు చెమ్మ ఎక్కిందేమోనని వంగి చూస్తుంటే నా ఎడమ చెవి గోడకు ఆనింది.

"సార్, అక్కకు ఎడమ చెవి ఇనపడదు. అడిగేది ఒకటైతే చెప్పేది ఒకటి. ఆ గైడు పని నాకియ్యండి."

రేణుక గొంతు! ఎదురు మూలకు ఉరికాను, ఎవరూ లేరు. మళ్ళీ వచ్చి కుడి చెవి ఆనించాను, చప్పుడు లేదు. ఫోన్ చేస్తే పాతాళగంగ మెట్లు దిగుతున్నానని ఆయాసపడుతూ చెప్పింది.

తిరిగొచ్చాక అది తెచ్చిన ప్రసాదం తింటూ ఈ సంగతి నవ్వుతూనే చెప్పాను. దాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నేనింకా ఎవురికీ చెప్పలేదు కదక్కా" అనింది.

నోట్లో ప్రసాదం నోట్లోనే ఉండిపోయింది. కొన్నాళ్ళకే ఆఫీసుగదిలో, నా ఎదుటే, పెద్దసారుకు చెప్పింది. అవే మాటలు, అదే వరుస. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో ఆరోజు కళ్ళారా చూశాను. ఇప్పుడు జనానాలో అదే గైడు. గోడకు నోరుందనే నా జోకు కూడా అదే చెబుతోంది. నన్ను గేటు దగ్గర టికెట్లు చింపే పనిలో వేశారు.

దాని మనసులోని మాట గోడకెట్లా తెలిసిందో, చచ్చిన చెవికెట్లా చేరిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. డాక్టరును అడిగితే నవ్వాడు. ఎవరూ లేనప్పుడు పోయి ఆ చెవి ఆనించి చాలాసార్లు చూశాను, ఇంకొక్క మాటైనా వినపడుతుందేమోనని. లేదు. ఆ చెవికి దక్కిన ఆఖరి మాట, చెల్లెలనుకున్నదాని నోటినుంచి, అదే కావాలా అని కడుపు మండుతుంది.