దొరసామి మామ కొలిచిన దూరం

నిన్న పొద్దున శ్రీ సిటీకి కంపెనీ బస్సులో వెళ్తున్నాను. మా ఆర్చరీ పిల్లల వాట్సాప్ గ్రూప్‌లో ఒకే ఒక్క లైన్.

"దొరసామి మామ పోయినాడు."

వేరే ఎవరో దొరసామి అయ్యుంటాడు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. మొన్న ఆదివారం ఫోన్ చేసి "భుజం నొప్పి ఎట్లుండాది పాపా" అని అడిగిన మనిషి.

హార్ట్ ఎటాక్ అంట.

గేట్ దగ్గర దిగి, లోపలికి పోకుండా రోడ్డు దాటి మళ్ళీ నగరి బస్సెక్కాను. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. మామది నగరి బస్టాండ్ ఎదురుగా జిరాక్స్ షాప్. వయసులో ఉన్నప్పుడు మంచి ఆర్చర్. బైక్ మీంచి పడి భుజం విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకున్నాడు. ఎముక అతుక్కుంది కానీ విల్లు లాగే బలం తిరిగి రాలేదు.

ఇక మా పిల్లలకు నేర్పించడం మీద పడ్డాడు.

పోటీల్లో టార్గెట్ డెబ్బై మీటర్ల దూరంలో ఉంటుంది. మనుషులూ మేకలూ అడ్డం రాకుండా డెబ్బై మీటర్లు మా ఊళ్ళో ఎవరిస్తారు? మాకు దొరికింది మూతపడిన ఒక పవర్‌లూమ్ షెడ్డు. అరవై అడుగుల షెడ్డు అని ఊరంతా పిలిచేది. అంటే పద్దెనిమిది మీటర్లు, కొంచెం ఎక్కువ.

మామ లెక్క వేశాడు. దూరం ఎంత తగ్గితే టార్గెట్ కూడా అంతే తగ్గాలి. నూట ఇరవై రెండు సెంటీమీటర్ల టార్గెట్ ముప్పై రెండుకి వచ్చింది. వలయాలు తనే గీసి జిరాక్స్ తీసేవాడు. రెండు ఏ3 పేపర్లు అతికిస్తే ఒక టార్గెట్. రంగులు మేం క్రేయాన్స్‌తో పూసుకునేవాళ్ళం.

"కంటికి రెండూ ఒకటేనబ్బా. నీ కన్నును మోసం చేస్తావుండాం, నీ చేతిని కాదు" అనేవాడు.

రూల్ ప్రకారం బాణం గీతకు తగిలినా పై పాయింట్ ఇవ్వాలి. మామ ఇచ్చేవాడు కాదు. మేం కొట్లాడేవాళ్ళం.

"కాగితం తగ్గించినాను సరే. బాణం లావు తగ్గించే జిరాక్స్ మిషన్ యాడుండాది? తెచ్చియ్యి, పాయింట్ ఇస్తా."

అంత పిసినారి, పాయింట్ల దగ్గర.

నేను ఇంటర్‌లో ఉన్నప్పటి మాట ఇది. తిరుపతిలో సెలక్షన్స్. మా నాయన మగ్గం పనిచేసేవాడు, మాట అంటే మాటే. ఈసారి లిస్ట్‌లో పేరు రాకపోతే విల్లు మూలన పెట్టి పనిలో చేరాలని తేల్చేశాడు. నాకేమీ భయం లేదు. షెడ్డులో ముప్పై ఆరు బాణాలకి మూడు వందలు దాటిస్తున్నాను మరి.

సెలక్షన్‌కి పది రోజుల ముందు సాయంత్రం మామ మా ఇంటికొచ్చాడు. చేతిలో కొలిచే టేపు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నా, తప్పు జరిగింది" అన్నాడు మా నాయనతో. "అరవై అడుగులంటే బయట వరండా కూడా కలిపి అంట. నేను కొలవలేదు. నిలబడే గీత నుంచి టార్గెట్ దాకా ఈ పొద్దు కొలిస్తే యాభై రెండు అడుగులే. ఇన్నాళ్ళూ డెబ్బై మీటర్లు అని సెప్పి పాపతో అరవై మీటర్ల లెక్కే కొట్టించినాను."

నోరు మూసుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. నేను ఓడిపోతే గాలి మీదకు నెట్టేసేవాడు ఇంకొకడైతే.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మూడో రోజు షెడ్డుకి వెళ్తే కొత్త టార్గెట్ పెట్టి ఉంది. ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు కూడా లేదు, ఒక్క ఏ3లోనే పట్టేసింది. పాత స్కోర్లన్నీ మామ అడ్డంగా కొట్టేశాడు. చివరి రోజు నా స్కోరు రెండు వందల డెబ్బై ఒకటి.

తిరుపతిలో అసలైన డెబ్బై మీటర్ల మీద నాకు వచ్చింది రెండు వందల అరవై ఎనిమిది.

మూడే తేడా. ఆ చిన్న కాగితం నిజం చెప్పింది.

లిస్ట్‌లో నా పేరు లేదు.

ఆ సాయంత్రం తిరుపతి బస్టాండ్‌లో మామ మా నాయన ముందు నిలబడ్డాడు. "తప్పు నాది గదన్నా. పాపను ఇంట్లో కూర్చోబెడితే ఎట్ల?"

మా నాయన బస్సు వచ్చాక అన్నాడు.

"నువ్వొచ్చి సెప్పకుంటే నాకు తెలిసేదే కాదు గదప్పా. ఇంకో సంవత్సరం నేర్పించుకో."

మరుసటి ఏడు లిస్ట్‌లో నా పేరుంది. ఆ తర్వాత వరసగా మూడేళ్ళు ఉంది.

నేను ఆ రెండు రోజులు మాట్లాడనందుకు సారీ చెప్పానో లేదో గుర్తులేదు. చెప్పలేదనే అనుకుంటున్నా. సారీ మామా.

నిన్న సాయంత్రం మామను తీసుకెళ్ళారు. మా నాయనకు మోకాళ్ళ నొప్పులు, నాలుగడుగులు వేస్తే ఆగాలి. వద్దని ఎంత చెప్పినా వినలేదు. ఇంటి దగ్గర నుంచి శ్మశానం దాకా పాడె కింద నుంచి భుజం తీయలేదు.

పోయి రా మామా. ఇంక ఏ కొలతా నిన్ను కలవరపెట్టకుండా, నెమ్మదిగా నిద్రపో.