షట్టర్ దించి ఊడ్చిన మధ్యాహ్నం

మీరు నమ్మనిదాన్ని మీ కళ్లతోనే చూస్తే, చూశానని నలుగురిలో చెప్పే ధైర్యం మీకుందా? నాకుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇది రాయడానికి కూర్చున్న ప్రతిసారీ మధ్యలో లేచిపోతున్నాను.

దయ్యాలు, పూనకాలు, చేతబడులు అబద్ధమని చెప్పడానికి అనంతపురం జిల్లాలో నేను ఎక్కని వేదిక తక్కువ. ముదిగుబ్బ దగ్గర ఒక స్వామి నిప్పుల మీద నడిస్తే, ఆయన వెనకే నేనూ నడిచి, కాళ్లు ఎందుకు కాలవో అక్కడే వివరించాను. దయ్యం పట్టిందని ఒక పిల్లను వేపమండలతో కొడుతుంటే అడ్డం పడి దెబ్బలు తిన్నాను. "సాక్ష్యం చూపించు, నమ్ముతాను" అనేది నా మాట. ఇప్పుడు ఆ మాటే నా మెడకు చుట్టుకుంది.

అనంతపురం బయట ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఉబ్బసం మీద పరిశోధన చేస్తాను. ఆ జబ్బునే ఎందుకు ఎంచుకున్నానంటే, మా అక్క వన్నూరమ్మ వల్ల. చిన్నప్పుడు ఇద్దరం ఒకే చాప మీద పడుకునేవాళ్లం. ఆమె పిల్లికూతలు నా చెవి పక్కనే మోగేవి. రెండు పొట్టి ఊపిర్లు, కాసేపు నిశ్శబ్దం, ఆ తర్వాత సన్నటి ఈల లాంటి పొడుగాటి ఊపిరి. ఆ నిశ్శబ్దంలో నేనూ ఊపిరి బిగబట్టేవాణ్ణి.

అక్క ఇప్పుడు కళ్యాణదుర్గంలో ఉంటుంది. వానల్లేక చేను బీడు పడ్డాక, వేరుశెనగ కాయలు ఒలిచే మిల్లులో ఊడ్చే పనికి చేరింది. ఆ పొట్టు దుమ్ము ఆమెకు విషమని చెప్పీ చెప్పీ అలిసిపోయాను.

"దుమ్ము తింటే దగ్గొస్తాది. పని మానుకుంటే ఏమొస్తాదో చెప్పు" అనేది. నా పరిశోధనంటే ఆమెకు నవ్వు. ఫోన్ చేస్తే మొదటి మాట, "నీ ఎలుకలు బాగుండాయా?"

అవి ఎలుకలు కావు, గినీ పందులు. కుందేలు పిల్లంత ఉంటాయి. వాటి ఊపిరి గొట్టాలు ఉబ్బసం ఉన్న మనిషి గొట్టాల్లాగే సులువుగా బిగుసుకుంటాయి. కొన్నిటికి వారాల తరబడి మిల్లు దుమ్ము సోకనిస్తాం. పోలిక కోసం కొన్నిటిని శుభ్రమైన గాలిలోనే పెంచుతాం. తర్వాత ఒక్కొక్కదాన్నీ అద్దంలా కనిపించే ప్లాస్టిక్ పెట్టెలో ఉంచి, మూత బిగించి, గొట్టాలను ముడుచుకునేలా చేసే మందును తుంపరగా వదులుతాం. ఎంత తక్కువ మందుకు బిగుసుకుంటే ఉబ్బసం అంత ముదిరినట్టు. ఊపిరి కంప్యూటర్ తెర మీద అలలా కదులుతుంది. మందుకు ముందు వట్టి ఉప్పునీటి తుంపర ఇస్తాం. దానికి అల మారకూడదు. మారదు కూడా.

ఈ పనికి ఒక నియమం ఉంది. పెట్టెలో ప్రాణి ఉన్నంతసేపు మనిషి గది విడిచి పోకూడదు. ఊపిరి హద్దు మీరి బిగిస్తే వెంటనే మూత తీయాలి. దీనికి ఒప్పుకుంటేనే, జంతువుల మీద ప్రయోగాలను పరిశీలించే కమిటీ అనుమతి ఇస్తుంది. ఈ నియమం గుర్తుంచుకోండి.

ఆ రోజు భోజనాలయ్యాక పని మొదలుపెట్టాం. నాతో పాటు మా జూనియర్ లెక్చరర్ షాహీన్ ఉంది. పెట్టెలో ఉన్నది శుభ్రమైన గాలిలో పెరిగిన జంతువు. మిల్లు దుమ్ము వాసన కూడా ఎరగదు. ఉప్పునీటి తుంపర వదిలాం. అల ఒక్కసారిగా బిగుసుకుంది.

"సార్, ఇది దుమ్ము తగలని బ్యాచ్‌లోది కదా?" అంది షాహీన్.

అవునన్నాను. గాలి గొట్టం ఎక్కడైనా మడత పడిందేమోనని ఒక చేత్తో మూత పట్టుకుని, ఇంకో చేత్తో గొట్టాన్ని తడుముతున్నాను. జంతువు మోర ఎత్తి పెట్టె గోడకు ఆనించి నోరు తెరిచింది. "తీసేయండి సార్" అంటూ షాహీన్ నా మోచేయి పట్టుకుని గుంజింది. మూత తీసి దాన్ని ట్రేలోకి మార్చాం. ఆక్సిజన్ పట్టాం. బయటి గాలిలోనూ తగ్గలేదు. పక్కటెముకలు లోపలికి పీక్కుపోతున్నాయి.

అప్పుడు వినపడింది. రెండు పొట్టి ఊపిర్లు. నిశ్శబ్దం. సన్నటి ఈల.

అంత చిన్న ప్రాణి గొంతులో మా అక్క పిల్లికూతలు.

ఫోన్ ఎందుకు తీశానో నేను చెప్పలేను. ఇలాంటి పని ఇంకొకరు చేశారని వింటే వేదిక మీద ఎగతాళి చేసేవాణ్ణి. అక్క నంబరు నొక్కి స్పీకర్ పెట్టాను. ఊడ్చేవాళ్లు ఫోన్లకు దుమ్ము పట్టకుండా మేస్త్రీ దగ్గర వదిలి లోపలికి పోతారు. మేస్త్రీ నాగరాజు ఎత్తాడు.

"వన్నూరమ్మ యాడ?" అన్నాను.

"లోపల ఊడుస్తాండాది సార్. అయిపోతానే ఫోన్ చేపిస్తాలే."

"షట్టర్ దించినావా?"

"దించకపోతే ఎట్ల? దుమ్మంతా రోడ్డు మీదికొస్తే ఎదురు హోటలోడు నా మీదికొస్తాడు."

అది ఆ మిల్లు పద్ధతి. ఊడ్చేటప్పుడు షట్టర్ పూర్తిగా దించుతారు. ఊడ్చేది ఆడవాళ్లు. ఎప్పుడూ ఇద్దరు పోతారు. ఆ రోజు రెండో ఆమె రాలేదు.

"ఎత్తు నాగరాజూ."

"ఇప్పుడేనా? ఏమప్పా ఇది, నువ్వు ఆడ ఫ్యాను కింద కూకోని..."

"నీకు దండం పెడతా. ఎత్తు."

ఏ దేవుడికీ దండం పెట్టని నా నోటి నుంచి ఆ మాట వచ్చింది. అవతల తిట్టుకుంటూ నడిచిన చప్పుడు. ఆ తర్వాత ఇనుప షట్టర్ గడగడా లేచిన మోత. అదే క్షణంలో ట్రేలోని జంతువు గుండెల నిండా ఊపిరి తీసి, ఒళ్లు దులుపుకుని కూర్చుంది. నేను చూశాను. షాహీన్ చూసింది. ఆ వెంటనే ఫోన్‌లో నాగరాజు గొంతు మారిపోయింది. "యక్కా. ఓ యక్కా. ఎవురన్నా రండప్పా, ఆటో పిలవండి."

అక్క షట్టర్ పక్కనే పడి ఉందట. పిడికిలితో కొట్టిందట. పక్క షెడ్డులో మిషను మోతకు ఎవరికీ వినపడలేదట. నేను కళ్యాణదుర్గం ఆసుపత్రికి చేరేసరికి ముక్కుకు ఆక్సిజన్ పెట్టి ఉంది. నన్ను చూసి కోపంగా మొహం తిప్పుకుంది.

"నువ్వు ఆడే ఉంటివి కదరా. తెల్లకోటు ఏసుకోని, అద్దానికి అవతల. తెరువురా అంటే తెరవకపోతివి. ఏదో గొట్టం పిసుక్కుంటా సూస్తాంటివి. నెత్తిన ముసుగేసుకున్న పాప మంచిది. నీ చెయ్యి పట్టి గుంజె."

అక్క ఎప్పుడూ మా ల్యాబుకు రాలేదు. షాహీన్‌ను చూడలేదు.

ఆక్సిజన్ తగ్గితే మెదడు బొమ్మలు అల్లుతుంది, నాకు తెలుసు. నేను తెల్లకోటు వేసుకుంటానని అక్కకు తెలుసు. షాహీన్ గురించి ఎప్పుడో చెప్పి ఉంటాను. కానీ ఆమె నా చెయ్యి గుంజిన సంగతి నాకూ షాహీన్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. పెట్టె మార్చాం. ఉప్పునీరు పరీక్షించాం. అదే జంతువుకు అదే తుంపర మళ్లీ మళ్లీ ఇచ్చాం. అల కదల్లేదు. కాకతాళీయం అంటారా? నేనూ అదే అంటున్నాను. అన్న ప్రతిసారీ ఆ ఈల వినిపిస్తుంది.

షాహీన్ ఐదు పూటలా నమాజు చేసే మనిషి. "చూసింది చూసినాను సార్. దానికి పేరు మాత్రం పెట్టను" అంది.

మా అమ్మకు అంత ఓపిక లేదు. "ఆ జీవం నా బిడ్డ కష్టం పంచుకునింది. దానికి కొత్త గుడ్డ కప్పి, పసుపు పెట్టల్ల" అని కూర్చుంది. అమ్మ మీద గట్టిగా అరిచాను. సంగతి ఎలా పాకిందో, నాతో వాదించి ఓడిపోయిన గుత్తి సోదెకాడు ఫోన్ చేశాడు. "ఏమప్పా హేతువాదీ, మొక్కు ఎప్పుడు తీర్చుకుంటావు?"

ఇదీ నా పరిస్థితి. చెబితే సోదెకాళ్ల చేతికి కర్ర ఇచ్చినట్టు. చెప్పకపోతే సాక్ష్యం దాచినవాణ్ణి అవుతాను. రెండు వైపులా మూత బిగుసుకుంది. బయటి నుంచి తీసేవాళ్లు లేరు.

అయితే ఒక్క విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. గినీ పందిని పెట్టెలో పెట్టాలంటే నేను అనుమతి తెచ్చుకోవాలి. పక్కనే నిలబడాలి. ఊపిరి బిగిస్తే మూత తీయాలి. మా అక్కను అదే దుమ్ములో, అంతకంటే పెద్ద పెట్టెలో పెట్టి షట్టర్ దించడానికి నాగరాజు ఎవరినీ అడగనక్కర్లేదు. పక్కన ఎవరూ నిలబడనక్కర్లేదు. జంతువుకు రాసిన నియమం మనిషికి ఎవరు రాయలేదు? ఎందుకు రాయలేదు? దీనికి జవాబు చెప్పడానికి దయ్యాలు అవసరం లేదు.

అక్క మళ్లీ పనికి పోతోంది. వేరే పని లేదు. కొన్నాళ్లు సగం ఎత్తి ఉంచిన షట్టర్ ఈ వారం మళ్లీ నేలకు దిగిందని చెప్పింది. చెబుతూ దగ్గింది. ఆ రోజు ఆ జంతువుకు ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంకోసారి నాకు కబురు వస్తుందని నేను నమ్మను. నమ్మి ఊరుకునే హక్కు నాకు లేదు.

మీ ఊళ్లోనూ ఒక మిల్లు ఉంటుంది. రేపు ఊడ్చే వేళకు అక్కడికి పొండి. షట్టర్ కిందికి ఉంటే లోపల ఎవరున్నారని అడగండి. దుమ్ము వస్తుందంటారు, రానివ్వండి. దయ్యముందా లేదా అన్న వాదం తర్వాత పెట్టుకుందాం, ఆ వేదికకు నేనే వస్తాను. ముందు షట్టర్ ఎత్తించండి. వాళ్లు ఎత్తకపోతే, వంగి మీరే ఎత్తండి.