ఇసిమేలి పసుపు కేబుల్

ఫిజీలోని లౌటోకా ఊళ్లో ఇంటర్నెట్ కంపెనీ తరఫున రిపేర్లకు ఇళ్లకు వెళ్లే ఇసిమేలి, గుమ్మంలో చెప్పులు విప్పగానే మోడెం మీది దుమ్ము చూస్తాడు. అందులో వేలిముద్రలు కనిపిస్తే వాళ్లే కెలికి చెడగొట్టారనుకుని, ఆ ఇంటివాళ్లు ఏం చెప్పినా వినడు. వాళ్ల కేబుల్‌నూ నమ్మడు. దాన్ని పీకేసి, సంచిలోని తన పసుపు కేబుల్ తగిలించి పరీక్షిస్తాడు. లితియా ఇంట్లో రెండుసార్లు అలాగే చేసి, రెండుసార్లూ "లోపం లేదు" అని రాసిచ్చాడు. ఆమె ఇంటినుంచే హోటల్ గదులు బుక్ చేసే ఉద్యోగి. లైను తెగిపోతోందంటే మేనేజరు నమ్మడం లేదు. మూడోసారీ అదే కాగితం వస్తే ఉద్యోగం పోతుంది.

ఈసారీ లైను బ్రహ్మాండంగా వచ్చింది. "నేనొస్తే దీనికి జబ్బు నయం, నేనెళ్తే మళ్లీ జ్వరమా? నువ్వే ఏదో కెలుకుతున్నావమ్మా," అంటూ ఆమె కేబుల్ తిరిగి గుచ్చబోయాడు. "ఆగన్నా! పరీక్షేమో నీ కేబుల్‌తో, నాకు మిగిల్చేదేమో ఇది. దీన్నెప్పుడైనా చూశావా?" ఇసిమేలి దాన్ని వేళ్లతో తడుముతూ వెళ్లాడు. తలుపు సందులో అది నలిగి, రాగి బయటపడింది. తన పసుపు కేబుల్ మోడెంకే వదిలేసి, "కేబుల్ పాడైంది" అని రాశాడు. "మరి వీటి సంగతి?" అంటూ లితియా పాత కాగితాలు రెండూ ముందు పెట్టింది. దుమ్ములో వేలిముద్రలు వెతికినట్టే, ఇసిమేలి వంగి వాటి కింది తన సంతకాలను చూశాడు.