మిషన్ పక్క ప్లగ్ పాయింటు

బళేపేట వెనక సందులో మా వఠారం. అక్కడ మగవాళ్ళందరూ చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటే, కృష్ణప్పన్న టెస్టర్ పెట్టుకుంటాడు. గాజుల దుకాణంలో పనిచేసి మానేసిన మనిషి. కరెంటు పని ఆయనకెవరూ నేర్పలేదు, నేర్పేదాకా ఆయన ఆగనూ లేదు. ఎవరింట్లో ఫ్యాను తిరగకపోయినా పిలవకుండానే వచ్చేస్తాడు. వచ్చాక పంపించడమే కష్టం.

ఆయనకు ఆయుధపూజ అంటే ఇంకో పిచ్చి. ఆ రోజు ఏ వస్తువూ ఆయన చేతిలోంచి తప్పించుకోలేదు. సుత్తి, స్కూటరు, ఇస్త్రీపెట్టె, భార్య మునిలక్ష్మక్క కుట్టుమిషన్, అన్నిటికీ గంధం, కుంకుమ, పూలు. పూజ చేసిన మిషన్‌ను ఆ రోజు ముట్టకూడదు. అందుకే మా అమ్మాయి చైత్ర నిశ్చితార్థం జాకెట్టు ఒక చెయ్యి కుట్టకుండా ఆగిపోయింది. నిశ్చితార్థమేమో మర్నాడే, విజయదశమి సాయంత్రం.

దశమి పొద్దున అక్క మిషన్ ప్లగ్గు పెట్టి స్విచ్ వేసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పిల్ల ఎంతో మోజుపడి ఎంచుకున్న బట్ట అది.

కృష్ణప్పన్న వచ్చాడు. మిషన్ ప్లగ్గు తీసి ఇస్త్రీపెట్టెది పెట్టాడు. అదీ వేడెక్కలేదు.

"చూస్తివా? మిషన్‌ది తప్పు ల్యా. పాయింటే పోయినాది," అంటూ టెస్టర్ దూర్చాడు. అది ఎర్రగా వెలిగింది.

"వెలుగుతాండాది కదయ్యా, కరెంటు ఉండాది," అంది అక్క.

"వచ్చే దోవ ఉండాది మునీ, పోయే దోవ ల్యా. న్యూట్రల్ వదులైపోయింటాది."

మేం అర్థమైనట్టు తలలూపాం. ఆయన మెయిన్ ఆపి, బోర్డు విప్పి, స్క్రూలన్నీ బిగించాడు. మెయిన్ వేసి చూస్తే ఇస్త్రీపెట్టె చల్లగానే ఉంది. చిక్కపేటకు పోయి కొత్త సాకెట్ తెచ్చి బిగించాడు. మళ్ళీ అదే కథ. మధ్యాహ్నం దాటిపోయింది, నాకు ఒళ్ళు మండిపోయింది.

"అన్నా, నీకు దండం పెడతా. ఎలక్ట్రీషియన్‌ను పిలుద్దాం," అనేశాను.

అని నాలిక కరుచుకున్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. టెస్టర్‌ను జేబులో పెట్టుకోకుండా మిషన్ మీద పెట్టేశాడు.

"పిలువమ్మా. పిల్ల సంతోషం ముఖ్యం," అన్నాడు.

జాకెట్టు ఎంతవరకు వచ్చిందో చూద్దామని అప్పుడే వచ్చింది చైత్ర. మా గొడవ దానికేం తెలుసు? ఫోను చార్జర్ తెచ్చి ఆ పాయింటులోనే పెట్టి స్విచ్ వేసింది. ఫోను టింగుమని చార్జి ఎక్కసాగింది.

అందరం నోళ్ళు తెరిచాం. కృష్ణప్పన్న చార్జర్ వంక చూశాడు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు చూశాడు, మిషన్ ప్లగ్గు చూశాడు. ఆ రెండు ప్లగ్గుల పిన్నులకూ గంధం దట్టంగా ఎండి పెచ్చు కట్టి ఉంది. పొద్దుట్నుంచీ మా కళ్ళెదుటే ఉంది. పూజ చేసిన గంధం కదా, ఎవరికీ తప్పుగా తోచలేదు.

"మిషన్‌కు పూస్తే పూస్తివి, పిన్నులకు ఎందుకయ్యా?" అక్క నెత్తి కొట్టుకుంది.

"కరెంటు తాగే నోరు అదే కదా మునీ. దానికి పెట్టకుంటే ఎట్లా?"

"మరి నా చార్జర్ లాంటివాటికి చెయ్యవా పెదనాయనా పూజ?" అంది చైత్ర నవ్వాపుకుంటూ.

"వాటికి దినామూ మీరు చేస్తానే ఉండారు కదమ్మా!"

ఇక నవ్వు ఎవరివల్లా ఆగలేదు. నాకైతే కళ్ళనీళ్ళొచ్చేశాయి. ఆయన పిన్నులను గరుకు గుడ్డతో గీకి గీకి తుడిచాడు. అక్క స్విచ్ వేయగానే మిషన్ గిర్రున తిరిగింది. టీ తాగే లోపల చెయ్యి కుట్టేసింది.

సాయంత్రం చైత్ర ఆ జాకెట్టు వేసుకుని మురిసిపోతూ వచ్చింది. మిషన్ మీద టెస్టర్ ఇంకా అక్కడే ఉంది. దానికి కుంకుమ బొట్టు పెట్టి, తన చేత్తోనే కృష్ణప్పన్న జేబులో పెట్టింది.

"నిశ్చితార్థం హాల్లో కరెంటు పోతే నువ్వు కాకుంటే ఇంకెవరు చూస్తారు పెదనాయనా?" అంది.

కృష్ణప్పన్న కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అక్కడ సీరియల్ సెట్ల రంగుదీపాలు ఎవరు కట్టారో, ఎట్లా కట్టారో చూడాలంటూ పెళ్ళికూతురి కన్నా ముందు ఆటో ఎక్కేశాడు.