ఇస్త్రీ బల్ల పక్కన చదివిన నవల

మా చిన్నప్పుడు... ఆదివారం మధ్యాహ్నం అయిందంటే అమ్మ ముందుగదిలో ఇస్త్రీ బల్ల వేసేది. నాన్నకి వారానికి సరిపడా చొక్కాలు, నా స్కూల్ యూనిఫాం, చివరికి దిండు గలీబులు కూడా... ఏదీ వదిలేది కాదు. లండన్ శివారు హేస్‌లో మా ఫ్లాట్ చిన్నది. బల్ల వేస్తే ఇక నడవడానికి చోటుండేది కాదు. నేను సోఫా మీదకెక్కి, కాళ్ళు ముడుచుకుని, ఒళ్ళో నవల పెట్టుకుని కూర్చునేదాన్ని.

కరీంనగర్ నుంచి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. సూట్‌కేసులో తెచ్చుకున్న వారపత్రికలన్నీ అమ్మ అట్టలూడేదాకా చదివేసింది. సీరియల్ లేకపోతే ఆమెకి అన్నం సయించదు. ఇంగ్లీషేమో రాదు. ఇక నా వెంట పడింది.

"ఏందే, అంత మునిగి చదువుతున్నవ్? నాకు గూడ చెప్పరాదు."

అది స్కూల్లో చదవమని ఇచ్చిన నవల. సముద్రం పక్క ఊళ్ళో ఉండే పదమూడేళ్ళ అమ్మాయి కథ. తల్లితో మాటామాటా పెరగడం, మొహం నిండా మొటిమలు, ప్రాణస్నేహితురాలు ఉన్నట్టుండి వేరే జట్టులో చేరిపోవడం... ఇంగ్లీషులో చూస్తూ తెలుగులో చెప్పేదాన్ని. ఆ అమ్మాయి పేరుకి అమ్మ నోరు తిరగలేదు. "మన పోరి" అని తనే పేరు పెట్టేసుకుంది.

ఊరికే వినేది కాదండీ! మధ్యమధ్యలో ఆ స్నేహితురాల్ని తిట్టిపోసేది. "దాని మొఖం మండ, మన పోరిని ఇడిసిపెడ్తదా!" మొటిమలకి శనగపిండి, పసుపు రాయమని సలహా కూడా ఇచ్చింది. ఎవరికి? పుస్తకంలో పిల్లకి!

ఇక నా సంగతి... స్కూల్లో నాకెవరూ లేరు. నేను మాట్లాడితే చాలు, నా ఇంగ్లీషుని అనుకరించి నవ్వేవాళ్ళు. దాంతో నోరు తెరవడమే మానేశాను. లంచ్ టైం అయితే మరీ నరకం. ఒంటరిగా కూర్చుంటే అందరికీ తెలిసిపోతుందని, బ్యాగు భుజాన వేసుకుని, ఏదో అర్జెంటు పనున్నదానిలా కారిడార్లన్నీ గబగబా తిరిగేదాన్ని... బెల్లు కొట్టేదాకా. టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికొచ్చేది. అమ్మ అడిగితే "టైం సరిపోలే" అనేదాన్ని. ఆమెకే ఇక్కడ పలకరించే మనిషి లేదు, మధ్యలో నా గోడు ఎందుకని.

ఓ ఆదివారం చదువుతూ చదువుతూ ఏమైందో... మన పోరి కూడా బ్యాగు తగిలించుకుని కారిడార్లలో తిరగడం మొదలెట్టింది. పుస్తకంలో అలా ఎక్కడా లేదు. నా నోరే దానంతటది చెప్పుకుపోయింది. మిగతా పిల్లలు నవ్వడం, అన్నం తినకపోవడం, అన్నీ.

అమ్మ ఈసారి ఎవర్నీ తిట్టలేదు. చొక్కా కాలరు మీదే ఇస్త్రీపెట్టెని అటూ ఇటూ తిప్పింది.

"ఆ పోరికి అమ్మ లేదా?" అంది చివరికి.

"ఉన్నది."

"మరి చెప్పదా?"

"చెప్తే వాళ్ళమ్మ ఏడుస్తదని..."

"ఏడిస్తే ఏడుస్తది. మొఖం కడుక్కొని మల్ల లేస్తది. చెప్పమను."

మర్నాడు లంచ్ టైంలో నన్ను రిసెప్షన్‌కి రమ్మన్నారు. వెళ్తే... అమ్మ! చీర మీద నాన్న కోటు, గొంతుదాకా గుండీలు పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుని ఉంది. బస్సెక్కి ఒక్కతే వచ్చింది. మా టీచర్‌తో "మై డాటర్... లంచ్ టైం... నో ఫ్రెండ్. ప్లీజ్" అంటోంది. ఈ దేశంలో బయటివాళ్ళతో ఆమె మాట్లాడిన మొదటి ఇంగ్లీషు అదే. సిగ్గుపడే వయసే నాది... కానీ ఆమెని చూడగానే ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తుకెళ్ళి ఆ కోటుని కరుచుకుపోయాను.

ఆ వారం నుంచే టీచర్ నన్ను లంచ్ టైంలో లైబ్రరీ పుస్తకాలు సర్దే పిల్లలతో కలిపింది. మెల్లగా డబ్బా ఖాళీగా ఇంటికి రావడం మొదలైంది.

నీకెట్ల తెలిసిందని చాలా ఏళ్ళకి అడిగాను. అమ్మ నవ్వింది. "నాకు ఇంగ్లీషు రాకపోతేంది, కండ్లున్నయ్ గదనే. అంతసేపు చదివినవ్... ఒక్క పేజీ తిప్పలే."

ఇప్పుడు మేముండేది లండన్‌కి ఉత్తరాన, స్టీవెనేజ్‌లో. ఎవరి గది వాళ్ళది, ఎవరి కథ వాళ్ళ ఇయర్‌ఫోన్లలోనే. మా అమ్మాయికి పదమూడు నిండాయి. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో. ఈమధ్య ఏమడిగినా ఒకటే మాట... "ఐయామ్ ఫైన్, మమ్." ఆ మాట వింటే నాకు భయమేస్తుంది.

మొన్న ఆదివారం ఇస్త్రీ బల్ల తీసి హాల్లో వేశాను. తను స్కూల్లో ఇచ్చిన నవల చదువుకుంటోంది. ఎవరో టీనేజ్ పిల్ల కథే. "నాకూ చదివి చెప్పవే, తెలుగులో" అన్నాను. "సీరియస్లీ?" అని కళ్ళు తిప్పింది గానీ, వచ్చి కూర్చుంది. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. మొదట్లో పేజీలు టకటకా తిరిగాయి. తర్వాత ఒకచోట ఆగిపోయాయి... కథ మాత్రం నడుస్తూనే ఉంది.

నేను ఇస్త్రీపెట్టె స్విచ్ ఆపేశాను.

మీ ఇంట్లో ఎవరైనా, ఎప్పుడైనా, పుస్తకంలో లేని కథ చదివారా? చెప్పండి... వినేవాళ్ళం ఇంకా ఉన్నాం.